అక్కకి చెప్పొద్దు

నవంబర్ 3, ఆదివారం

మధ్యాహ్నానికి చేరాం. పదిహేడు ఊళ్లు అయ్యాయి. ఇది పద్దెనిమిదోది, నేను పుట్టిన ఊరు.

వంతెన దిగగానే గోడల మీద నేనే. పోస్టరులో నేను మైకు పట్టుకుని నవ్వుతుంటాను. నా వెనక ఎర్ర తెర మీద, నెత్తిన కిరీటంతో ఒక ఉడుము వేలాడుతూ ఉంటుంది. పైన షో పేరు, "అక్కకి చెప్పొద్దు". మిగతా ఊళ్లలో ఆ పోస్టరు కనబడితే ముచ్చటేసేది. ఇక్కడ మా మేనేజర్ "చూశారా మేడమ్, కూరగాయల బజారు నిండా మనమే" అనగానే వ్యాను అద్దం ఎత్తేశాను. దుమ్ము వస్తోంది.

హోటల్లో దిగాను. థియేటర్‌కి దగ్గర. అక్క ఇల్లు ఇంకా దగ్గరే కానీ హోటల్‌కి లిఫ్టు ఉంది. అక్కది కింది వాటా.

శనివారం ఒక్కటే షో. ఎనిమిది వందల సీట్లూ అయిపోయాయి. అక్క వస్తుందా రాదా అన్నది నేను ఆలోచించే విషయం కాదు. రెండు పాసులు మాత్రం పక్కన పెట్టమన్నాను. ఎవరైనా అడగొచ్చు.

నవంబర్ 4

అక్క ఇంటి వైపు వెళ్లలేదు. అటు పనేమీ లేదు.

నవంబర్ 5, మంగళవారం

ఇవాళ థియేటర్‌కి వెళ్లాను. దానికి నూట పన్నెండేళ్లట. నేను పుట్టేనాటికే అది ముసలిది. ఇప్పుడు చూస్తే నేనే ముందు పోయేలా ఉన్నాను.

పక్క సందులో స్టేజీ తలుపు, దాని ముందు మూడు మెట్లు. మూడో మెట్టు నడుమ అరిగి గుంట పడింది. వానొస్తే అందులో నీళ్లు నిలిచేవి, పిచ్చుకలు తాగేవి. లోపల అదే వాసన. పాత చెక్క, వేడెక్కిన దీపాల మీద దుమ్ము, ఎప్పుడో చెమటోడ్చిన రాజుల దుస్తులు. కాసేపు కళ్లు మూసుకుని నిలబడ్డాను. నాన్న దగ్గు వినబడుతుందేమో అనిపించింది.

నాన్న ఇక్కడ తాళ్ల మనిషి. తెర ఎత్తాలన్నా దించాలన్నా, అడవిని పైకి లాగి అంతఃపురాన్ని కిందికి వదలాలన్నా నాన్న చేతుల్లోనే. నలభై తాళ్లుండేవి. చీకట్లో తడిమి ఏ తాడు దేనిదో చెప్పేవాడు. అమ్మ టికెట్ల కిటికీ దగ్గర కూర్చునేది. నాన్న తాళ్ల దగ్గర, అమ్మ టికెట్ల దగ్గర, నేను అక్క చంకలో. నాకంటే నాలుగేళ్లే పెద్ద, అయినా నా జడ, నా ముక్కు, నా హోంవర్కు అన్నీ అక్కవే. కిటికీ దగ్గరికి ఎవరైనా వస్తే అమ్మ నన్ను చూపించి "ఇది మా పెద్దదాని కూతురు" అని నవ్వేది.

నాకు ఎక్కాలు వచ్చింది ఈ హాల్లోనే. వరసకి ఇరవై రెండు కుర్చీలు. "నాలుగు వరసలకి ఎన్నే?" అని అక్క అడిగేది. నేను ఒక్కో కుర్చీ మీద కూర్చుని లేస్తూ లెక్కపెట్టేదాన్ని. ఎనభై ఎనిమిది వచ్చేదాకా ఓపిగ్గా నిలబడేది. మధ్యలో నేను నిద్రపోయేదాన్ని. లేచేసరికి సింహాసనంలో ఉండేదాన్ని, కాళ్ల మీద ఎవరిదో సైనికుడి అంగీ కప్పి.

తాళాలాయన ఇంకా ఉన్నాడు. అప్పట్లో నాన్న కింద పనిచేసేవాడు. ఇప్పుడు డెబ్బై దాటాయి. నడుముకి ఆ తాళాల గుత్తి మాత్రం అదే. నన్ను చూడగానే "చిట్టెలుకా!" అన్నాడు. నన్ను ఆ పేరుతో పిలిచేవాళ్లు లోకంలో ఇద్దరే మిగిలారు. ఒకరు పిలవడం మానేశారు.

శనివారం కోసం అక్క బిట్టు ఒకసారి ఖాళీ కుర్చీలకి చెప్పుకున్నాను. పన్నెండేళ్లుగా చెప్తున్నదే.

"అక్కకి పదకొండేళ్లు. పిల్లల నాటకంలో రాణి. నెల రోజులు మాకు అన్నం కూడా రాణిలాగే పెట్టింది, విసిరేసి. ఆ రోజొచ్చింది. గంట కొట్టారు. తెర లేస్తోంది. రాణి ఏదీ? తెర అడుగు కర్రని పట్టుకుని, తెరతో పాటు రాణీ లేస్తోంది! భయం! ఉడుంపట్టు! కింద మంత్రి, 'మహారాణీ, తమరు దిగి వస్తే యుద్ధం మొదలుపెడదాం.' పక్కన మా నాన్న, 'ఇదేంటి, ఇవాళ తెర ఇంత బరువుంది?' అని ఇంకా గట్టిగా లాగుతున్నాడు! ఎనిమిది వందల మంది నవ్వు నేను మొదటిసారి విన్నది ఆ రోజే. గ్యాలరీలో ముందు బెంచీలో కూర్చున్న ఏడేళ్ల నేను అనుకున్నాను, నాకిదే కావాలి అని."

చివరి మాట దగ్గర చెయ్యి గుండె మీద పెట్టుకుంటాను. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కూడా మారలేదు.

తాళాలాయన కింద నుంచి వింటున్నాడు.

"నవ్వొచ్చిందమ్మా. కానీ గ్యాలరీలో కూర్చున్నానంటావేంటి?"

"అక్కడే కదా బాబాయ్ ఉన్నాను."

"ఆ ఏడాదంతా గ్యాలరీ మూసేశారుగా. పైకప్పు కారి చెక్కలు కుళ్లిపోయాయని. తలుపుకి మేకులు కొట్టింది నేనే."

"అది వేరే ఏడాది అయ్యుంటుంది."

"ఏమో మరి. పిల్లల నాటకం ఆడింది ఒక్క ఏడాదేగా" అన్నాడు, తాళాల్లో ఏదో వెతుక్కుంటూ.

నవంబర్ 6, ఉదయం

గ్యాలరీ తెరిచే ఉంది. బెంచీ మేకు తగిలి నా పసుపు గౌను అంచు చిరిగింది. అమ్మ రెండంటించింది. ఇంత వివరంగా గుర్తున్నది అబద్ధం ఎలా అవుతుంది? డెబ్బై దాటిన మనిషికి ఏ ఏడాది ఏదో ఏం తెలుస్తుంది?

నవంబర్ 6, సాయంత్రం

పత్రిక నుంచి ఒకమ్మాయి ఇంటర్వ్యూకి వచ్చింది. ఇరవై ఒకటి ఉంటాయేమో, ఉద్యోగంలో చేరి మూడు నెలలట. కూర్చోగానే మొహం వెలిగిపోయింది.

"మేడమ్, మీ అక్కగారు మాకు లెక్కల మేడమ్ తెలుసా? తొమ్మిదిలో!"

"అవునా" అన్నాను.

"మీ వీడియో వచ్చిన కొత్తలో స్కూలంతా అదే మేడమ్. ఉడుం మేడమ్ అనేవాళ్లం. ఆవిడ బోర్డు వైపు తిరగడం పాపం, వెనక బెంచీ నుంచి 'మహారాణీ, తమరు దిగి వస్తే' అని మొదలు. ఒకసారైతే కిటికీ తెరలన్నీ విప్పి బోర్డుకి అడ్డంగా కట్టేశాం. ఒకడు వాటిని పట్టుకుని వేలాడాడు కూడా. ఆవిడ లోపలికొచ్చి..."

అక్కడ ఆగింది.

"వచ్చి?"

"తెర పక్కకి జరిపి లెక్క వేశారు మేడమ్." గొంతు తగ్గింది. "బెల్లు కొట్టేదాకా చెప్పారు. హోంవర్కు కూడా ఇచ్చారు. అది శుక్రవారం. సోమవారం రాలేదు. ఇంక రాలేదు. ఇంకా పన్నెండేళ్లు సర్వీసు ఉండగానే రిటైర్మెంటు తీసుకున్నారని తర్వాత తెలిసింది." కాసేపు పెన్ను మూత తీసి పెడుతూ కూర్చుంది. "అప్పుడు పిల్లలం మేడమ్."

వాళ్లు పిల్లలు. నాకు అప్పటికి నలభై రెండు.

ఆరేళ్ల కిందట అక్క ఫోన్ చేసింది. "ఆ ముక్క తీసెయ్యవే" అంది, అంతే. ఎందుకని నేను అడగలేదు. "అది నువ్వు కాదక్కా, ఒక పాత్ర. జోకుని జోకులా తీసుకో" అన్నాను. "సరే" అని పెట్టేసింది. ఆ 'సరే' తర్వాత మా మధ్య మాట లేదు. మా అక్కకి హాస్యం పడదు అని అందరికీ చెప్పుకున్నాను. స్టేజీ మీద కూడా చెప్పాను. దానికీ నవ్వారు.

నవ్వు నాలుగు విధాల చేటని పెద్దవాళ్లు అనేవారు. ఆ నాలుగూ ఏమిటో ఎవరూ చెప్పలేదు. ఒకటి తెలిసింది.

నవంబర్ 7

తాళాలాయన్ని అడిగి పాత తెర చూశాను. ఇప్పుడున్నది మీట నొక్కితే పక్కలకి జరిగేది. పాతది స్టేజీ వెనక పొడుగాటి పెట్టెలో ఉంది, అడుగు కర్రకి చుట్టి. పడవంత ఉంది. వంగి మొహం ఆనించాను.

ఎర్రటి చీకటి. నోట్లో దుమ్ము. ఎవరో చెవి దగ్గర గట్టిగా, "గౌను వదిలెయ్! గౌను వదిలెయ్ చిట్టెలుకా!"

లేచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

బావకి ఫోన్ చేశాను. నేను ఏమీ అడగకముందే "రేపు ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు.

నవంబర్ 8, శుక్రవారం

తలుపు అక్కే తీసింది. కళ్లద్దాలు మారాయి. కాసేపు చూసి, "ఒళ్లొచ్చిందే నీకు" అంది. "కూర్చో."

బావ కాఫీ ఇచ్చి, బజారులో పనుందని వెళ్లిపోయాడు. ఆయనకి పనేమీ లేదు. ముందు గదిలో గోడకి బోర్డు మీద వృత్తాలు గీసే పెద్ద చెక్క కంపాస్ తగిలించి ఉంది. దాని ఒక కాలికి గొడుగు, ఒక కాలికి సంచి వేలాడుతున్నాయి. అక్క చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తోంది. నేనూ రెండు తీసుకున్నాను.

"స్కూల్లో జరిగింది నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాగా. తీసెయ్యమన్నాగా."

"ఎందుకో చెప్పలేదు."

"ఎందుకో చెప్తేనే తీస్తావా? నేనడిగితే చాలదా?"

ఎంత పొగరు హాలునైనా నాలుగు మాటల్లో దారికి తెచ్చేదాన్నని నాకు పేరు. చేతిలో కాయకి ఒక పక్క ఈనె లాగాను, రెండో పక్కదీ లాగాను.

"అక్కా, ఆ ఏడాది గ్యాలరీ మూసేశారట."

చేతులు ఆగాయి. "ఎవరన్నారు? తాళాల బాబాయా? ఆయన నోట్లో నువ్వుగింజ నానదు."

"నేనెక్కడున్నాను?"

"తెరలో."

ఇంకో కాయ తీసుకుని, దాన్నే చూస్తూ చెప్పింది.

"నిన్ను అమ్మ దగ్గర కూర్చోబెట్టి వేషం వేసుకోవడానికి వెళ్లాను. ఎప్పుడు జారుకున్నావో తెలీదు. జనాన్ని చూడాలని తెర మడతలో దూరావు. గంట కొట్టారు, నాన్న లాగుతున్నాడు. అది కింద నుంచి చుట్టుకుంటూ పోయే తెర. నీ గౌను కర్ర చుట్టలోకి పోయింది. ఏడుపు కూడా రాలేదే నీకు, నోరు తెరుచుకుని చూస్తున్నావు. నేను పరిగెత్తి కర్ర మీద పడ్డాను, నా బరువుకి ఆగుతుందేమోనని. ఒక్క క్షణం ఆగింది. గౌను చింపి నిన్ను తోసేశాను. నాన్న ఇంకా గట్టిగా లాగాడు. అంతే, నేను పైకి పోయాను."

"అరవాల్సింది."

"రాణి అరుస్తుందా?" అంది. మూతి ఒక పక్కకి కదిలింది. వెంటనే సర్దుకుంది.

"నాన్న నిన్ను ఆ రోజు కొట్టాడు. అప్పుడైనా చెప్పొచ్చుగా."

"చెప్తే నిన్ను మళ్లీ లోపలికి రానిచ్చేవాడా? టికెట్ల గదిలో పెట్టి గొళ్లెం వేసేవాడు. నీకా థియేటరే లోకం. నాదేముంది, నాకు లెక్కలున్నాయి." చిక్కుడు గింజ ఒకటి జారి కింద పడింది. వంగి తీసింది. "ఉన్నాయనుకున్నాను."

నేను ఏడుస్తున్నానని నాకు కాసేపటికి తెలిసింది. అక్క లేవలేదు, దగ్గరికి తీసుకోలేదు. తుండు మాత్రం నా వైపు జరిపింది.

"రేపు స్టేజీ మీద నిజం చెప్పేస్తాను. అంతమంది ముందూ నిన్ను క్షమాపణ అడుగుతాను."

"వద్దు."

"అక్కా..."

"అదీ ఒక బిట్టే అవుతుంది. కళ్లు తుడుచుకుని చప్పట్లు కొడతారు. ఎవరికి? నీకు. నన్ను మంచిదాన్ని కూడా చెయ్యకు. నన్ను ఎత్తకు, అంతే."

"మరి నేనేం చెప్పాలి?"

"నాకేం తెలుసే? నవ్వించడం నీ పని."

లేచేటప్పుడు పాసుల మాట అన్నాను. రానంది. కోపంగా కాదు. పేపర్ వద్దన్నంత మామూలుగా.

నవంబర్ 9, షో రోజు, ఉదయం

మేనేజర్‌కి చెప్పాను. "పెళ్లికూతుర్ని తీసేసి పెళ్లి చేస్తానంటారేంటి మేడమ్! జనం వచ్చేదే దానికోసం. పైగా షో పేరే అది!" తొంభై నిమిషాల్లో అక్కవి ఇరవై రెండు. అవి తీసేసి కాగితం మీద వరస రాసుకుంటే, పళ్లూడిన నోరులా ఉంది.

అక్క రాదు. మంచిదే.

నవంబర్ 10, ఆదివారం

రాయాలి. ఉన్నదున్నట్టు.

మొదటి అరగంట బాగానే నడిచింది. సొంత ఊరు కదా, దగ్గినా నవ్వారు. తర్వాత వెనక నుంచి ఒకాయన "అక్క!" అని అరిచాడు. ఇంకొకరు అందుకున్నారు. కాసేపటికి హాలంతా చప్పట్లు కొడుతూ, "అక్క! అక్క! అక్క!"

"అక్క ఇవాళ లేదండీ" అన్నాను.

"ఎక్కడుంది?"

"ఇంట్లో. మీరందరూ ఇక్కడ ఉన్నారు కాబట్టి హాయిగా ఉంది."

నవ్వారు. అక్కడితో వదిలేస్తారనుకున్నాను. అప్పుడు బాల్కనీ నుంచి ఎవరో సాగదీస్తూ "ఉడుం!" అన్నారు. హాలంతా ఘొల్లుమంది. పన్నెండేళ్లుగా నేను మెట్టు మెట్టుగా కట్టుకున్న నవ్వు అది. నేను నోరు విప్పకుండానే వచ్చేసింది. తొమ్మిదో తరగతి గదిలో బోర్డు వైపు తిరిగిన మనిషి వీపుకి అది ఎలా తగిలి ఉంటుందో స్టేజీ మీద నిలబడి విన్నాను.

"ఆ కథ నేను చూడలేదు" అన్నాను. "గ్యాలరీలో ఉన్నానని చెప్పాను, లేను. చూడని కథ ఇన్నేళ్లు చెప్పాను. ఇంక చెప్పను."

అదీ జోకే అనుకుని కొందరు నవ్వబోయారు. నేను నవ్వలేదు. హాలు చల్లబడింది. ఇరవై ఏళ్లలో అంత నిశ్శబ్దం నేను మోయలేదు.

అక్క ఎత్తొద్దంది. నేను ఎత్తినట్టా, దించినట్టా? తెలియడం లేదు.

తర్వాత ఏం మాట్లాడానో వరసగా గుర్తు లేదు. నాన్న తాళ్ల గురించి. అడవి దించమంటే సముద్రం దించిన రోజు, వేటకెళ్లిన రాజు ఏమీ ఎరగనట్టు ఈత కొట్టుకుంటూ బయటికి పోవడం గురించి. ఒకే నాటకానికి పదకొండు సార్లు వచ్చి, పన్నెండోసారి "ఇది చూశానా?" అని అమ్మనే అడిగిన పెద్దాయన గురించి. ఏదీ రాసుకున్నది కాదు. కొన్నిటికి నవ్వారు. పగలబడి కాదు, పాత ఫొటోలు చూస్తూ నవ్వుకుంటారే, అలా. ముందు వరసలో ఒకావిడ పక్కాయన చెయ్యి తట్టి "అవును, అవును" అంటోంది. కొందరు మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. డెబ్బై ఒక్క నిమిషాలకి ముగించాను. బయటికి పోతూ ఎవరో "ఇంతేనా?" అన్నది వినబడింది.

బాగా జరిగిందని అనలేను. మేనేజర్ మాట్లాడటం లేదు.

నవంబర్ 11, సోమవారం

పొద్దున్నే తాళాలాయన్ని, ఆయన నిచ్చెనని తీసుకుని కూరగాయల బజారుకి వెళ్లాను. బకెట్ నీళ్లు, రెండు గరిటెలు. పోస్టర్లు గీకడం మొదలుపెట్టాం. మంచి జిగురు వాడారు. నా మొహం ఊడి వస్తోంది కానీ ఉడుము రాదు. సొరకాయలమ్మే ఆవిడ నన్నూ గోడనీ మార్చి మార్చి చూసి, "మీ బొమ్మ మీరే చింపుకుంటున్నారా?" అంది.

"కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుందండీ" అన్నాను. కింద నిజంగానే నా పాదాల మీద నా పళ్లున్నాయి.

నాలుగో గోడ దగ్గర ఉండగా వెనక ఎవరో నిలబడ్డారనిపించింది. అక్క. చేతిలో సంచి, అందులోంచి కరివేపాకు తొంగి చూస్తోంది. ఎంతసేపటి నుంచి ఉందో. ఊడిపోయిన కాగితాలకేసి చూసింది, తడిసిన నా మోచేతులకేసి చూసింది.

"ఆ పై మూల మిగిలింది" అంది.

నిచ్చెన జరిపి, అది కూడా గీకాను. ఆయన నిచ్చెన పట్టుకున్నాడు. అక్క వెళ్లిపోలేదు.

"తర్వాత ఏ ఊరు మీకు?"

చెప్పాను.

"మా పాత హెడ్‌మిస్ట్రెస్ అక్కడే ఉంటోంది. ఈ ఆరేళ్లలో నాలుగుసార్లు రమ్మంది. వెళ్లలేదు." సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "మీ వ్యానులో చోటుందా?"

"ఉంది."

"షోకి మాత్రం రాను."

"రావద్దు."

"సాయంత్రానికి బస్సులో వచ్చేస్తాను" అని, తాళాలాయన వైపు తిరిగి, "బాబాయ్, దీన్ని దింపండి ముందు. చిట్టెలుక అనుకుంటున్నారేమో, నిచ్చెన విరుగుతుంది" అంది.

నవంబర్ 13, బుధవారం

పొద్దున ఎనిమిదింటికి బయల్దేరాం. మిగిలిన ఊళ్లకి షో పేరు మార్చాలి, మేనేజర్ ముందు సీట్లో కూర్చుని ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. నేనూ అక్కా వెనక. హెడ్‌మిస్ట్రెస్‌కి ఒక డబ్బా, నాకు ఒక డబ్బా తెచ్చింది. ఎక్కువ మాట్లాడుకోలేదు. బావ మోకాలి గురించి, మా అమ్మ కళ్లద్దాల పెట్టె ఎవరి దగ్గరుందో దాని గురించి. అక్క దగ్గరే ఉందట.

గంట తర్వాత నిద్రపోయింది. తల మెల్లగా జారి నా భుజం మీదికొచ్చింది, నోరు తెరుచుకుని. ఒక మలుపు దగ్గర వ్యాను కుదిపింది. అక్క కళ్లు తెరవకుండానే, చెయ్యి పైకెత్తి, చాలా స్పష్టంగా, ఒక పూర్తి వాక్యం అంది. మేనేజర్ వెనక్కి తిరిగి చూశాడు. నవ్వు పొట్టలోంచి తన్నుకొస్తుంటే పెదవి కొరుక్కుని ఆపుకున్నాను, భుజం కదిలితే లేస్తుందని.

ఎంత తక్కువన్నా ఐదు నిమిషాల బిట్టు. మొదలు, నడుమ, ముగింపు అన్నీ దానంతటవే కుదిరిపోయాయి. ఏ ఊళ్లోనైనా హాలు లేచిపోతుంది.

ఏమందో ఇక్కడ కూడా రాయను.